సైట్‌లో అయితే ఏమీ లేదండీ

ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ అబద్ధమే ఆడలేదని చెప్పుకోను. కొట్ల మధ్య పెరిగినవాణ్ణి. ఉన్న ధర ఉన్నట్టు మొదటి మాటలోనే చెప్పేయడం మా ఇంటావంటా లేదు. అయితే నా సర్వీసు మొత్తంలో ఎక్కువ నష్టం చేసిన మాట అబద్ధం కాదు, అక్షరాలా నిజం. ఒక మధ్యాహ్నం ఆరుగురికి ఫోన్‌లో అదే మాట చెప్పాను. “సైట్‌లో అయితే ఏమీ లేదండీ” అన్నాను. నిజంగానే ఏమీ లేదు. ఎందుకు లేదో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

మీలో చాలామంది ఇప్పుడు సైట్లు, యాప్‌లు తయారుచేసే పనిలో ఉన్నారు. మిగతావాళ్ళు వాటి గుమ్మం దగ్గర కూర్చుని, లోపలికి వెళ్ళలేక తిట్టుకుంటున్న జనానికి సమాధానం చెప్పే పనిలో ఉన్నారు. నేను ఆ రెండో రకం. కాబట్టి ఇది పెద్దవాడి నీతిబోధ అనుకోకండి. నీతి చెప్పేంత సరుకు నా దగ్గర లేదు. నా చేతిలో పాడైన సరుకు ఒకటుంది, అది విప్పి చూపిస్తున్నాను. అంతే.

మాది పెనుగొండ. నాన్నది బట్టల కొట్టు. పక్కనే పెదనాన్నది ఇత్తడి సామాన్ల కొట్టు, ఎదురుగా మావయ్యది కిరాణా. పదేళ్ళు వచ్చేసరికే, కొనడానికొచ్చినావిడ చూపు ఏ చీర మీద రెండోసారి ఆగిందో పసిగట్టి, దాన్ని పక్కకి తోసి మిగతావన్నీ ముందు విప్పడం నాకు వచ్చేసింది. నాన్న నేర్పిన పాఠం ఒక్కటే. ఎదుటివాడు ఏం చెబుతున్నాడన్నది తర్వాత, అది చెబితే వాడికేం మిగులుతుందో ముందు చూడమనేవారు. ఆ చూపు నాకు బాగానే అబ్బింది. కొట్టే అబ్బలేదు. నా బేరం తీరు చూసి జనం ముచ్చటపడి, కాసేపు నవ్వుకుని, పక్క కొట్టులో కొనుక్కునేవారు. చివరికి డెల్టా కొసన, సముద్రానికి దగ్గర్లో, రొయ్యల రైతుల సొసైటీలో గుమస్తాగా చేరి, సెక్రటరీనై, అక్కడే రిటైరయ్యాను. రొయ్యని నేను నోట పెట్టింది లేదు. వాటి మీద మాత్రం ముప్ఫై ఏళ్ళు బతికాను.

మా సొసైటీ చెరువులన్నిటికీ నీళ్ళు ఒకే బోదెలోంచి, అంటే ఒక పిల్లకాలువలోంచి రావాలి. ఉప్పుటేరుకి సముద్రం పోటు వచ్చినప్పుడు ఆ బోదె నిండుతుంది. గట్ల మీద ఇంజిన్లు పెట్టి ఎవరి చెరువులోకి వాళ్ళు తోడుకుంటారు. పోటు తీసి నీళ్ళు వెనక్కి పోయాయంటే మళ్ళీ పోటు దాకా ఆగాల్సిందే. ఏ ఒక్క చెరువులోనైనా రొయ్యకి తెల్లమచ్చ జబ్బు వచ్చి, ఆ నీళ్ళు బోదెలో కలిశాయంటే, తోడుకున్నవాళ్ళందరికీ అంటుకున్నట్టే. వారం, పది రోజుల్లో చెరువు ఖాళీ. ముందే చెబితే అందరూ ఇంజిన్లు ఆపుకుంటారు. కానీ జబ్బొచ్చిందని ఎవరూ చెప్పరు. చెబితే పక్కవాళ్ళు నీవల్లే అంటారు, కొనేవాడు మొహం చాటేస్తాడు, చెరువుకి చెడ్డపేరు వస్తుంది. అందుకని దాచడమే మా వైపు మర్యాద అయిపోయింది.

ఆ దాపరికం పోవాలని మా ప్రెసిడెంటు గారు ఒక సైట్ పెట్టిద్దామన్నారు. ప్రతి చెరువుకీ ఒక పేజీ. ఎవరి పేజీ వాళ్ళు రాసుకోవాలి, అందరి పేజీలూ అందరూ చూడొచ్చు. నీళ్ళలో ఉప్పెంత, రొయ్య మేత తింటోందా లేదా, మచ్చలేమైనా కనబడ్డాయా. బాగుంటే చెరువు పేరు పక్కన పచ్చ చుక్క, జబ్బైతే ఎర్ర చుక్క. మంచి ఆలోచనే. తయారుచేయడానికి రాజమండ్రిలో సాఫ్ట్‌వేర్ పని చేసే ఒకమ్మాయిని చూశారు. రేటు మాట్లాడే పని, ఇంకెవరికిస్తారు, నాకిచ్చారు.

ఆ అమ్మాయి కాగితం మీద గళ్ళు గీసి చూపించింది. “చెరువుకి రెండు ఖాతాలుండాలండి. ఒకటి భూమి ఉన్నవాళ్ళకి, ఒకటి చెరువు చేసేవాళ్ళకి.”

“ఒక కొట్టుకి రెండు తాళాలేంటమ్మా?” అన్నాను.

“తాళం ఒకటేనండి. తాళంచెవులు రెండు.”

“ఒక తాళంచెవి చాలు. రెండోది తీసేసి రేటు తగ్గించు.”

“సార్, మీ వైపు చెరువులు చాలావరకు కౌలుకే చేస్తారంటున్నారు కదండీ. పట్టాదారు పాస్‌బుక్‌లో పేరున్నాయన ఊళ్ళోనే ఉండడట కదా?”

“ఆయన ఫోన్ ఊళ్ళో లేకపోయినా మోగుతుంది కదమ్మా” అన్నాను. ఆ మాటకి నేనే మురిసిపోయాను.

ఆ అమ్మాయి నవ్వలేదు. గళ్ళలో ఒక గడిని అడ్డంగా కొట్టేసి, “సరేనండి. రేపు గుమ్మం దగ్గర కూర్చునేది మీరే కదా” అంది.

ఇంకోటి కూడా కొట్టేయించాను. రోజూ ఎవరైనా రాస్తేనే పచ్చ చుక్క ఉండాలని, రాయకపోతే తెల్లగా మారాలని ఆ అమ్మాయి ప్లాను. అదీ దండగేననిపించింది. ఎవరూ ఏమీ రాయకపోతే బాగున్నట్టే కదా, పచ్చగానే ఉండనీ అన్నాను. తిరుగు బస్సులో గోదావరి వంతెన దాటుతున్నంతసేపూ నా గొప్ప నాకే పట్టలేదు. ఇంటికెళ్ళి మా ఆవిడకి చెబితే, “రెండు తీసేయిస్తే ఇంక మిగిలిందేంటండీ?” అంది. మెచ్చుకుందనుకున్నాను.

సైట్ మొదలైన తొలి నెలల్లో నేను చూసిన వినోదం అంతా ఇంతా కాదు. పాస్‌వర్డ్‌లో పెద్దక్షరం ఒకటి, అంకె ఒకటి, చుక్కో పొడుపో ఒకటి ఉండాలనేసరికి, అందరూ సొంతూరి పేరు, పుట్టిన సంవత్సరం, చివర ఆశ్చర్యార్థకం పెట్టుకున్నారు. మర్చిపోకుండా ఇంజిన్ షెడ్డు గోడ మీద పెయింటుతో రాసుకున్నారు. గట్టు మీద పోయే ప్రతివాడికీ అది కనబడేది, దాన్ని రాసుకున్నాయన ఒక్కడికి తప్ప. ఆయనకి చదివే కళ్ళజోడు ఇంటి దగ్గరుండేది. చేతులు తడిగా ఉంటే ఫోన్ వేలు గుర్తుపట్టదు. రొయ్యల చెరువు మీద చేతులు తడిగా లేని వేళ ఎప్పుడు? మూడుసార్లు తప్పు కొడితే తలుపు మూసుకుపోయేది.

ఒక పెద్దాయన ఏకంగా ఆఫీసుకొచ్చి ఫోన్ నా బల్ల మీద పడేశాడు.

“ఏంటండీ ఇది? నువ్వు మనిషివేనా అని అడుగుతోంది!”

“అదో పరీక్షండి. బొమ్మల్లో నీళ్ళ పంపులున్నవి ఎంచమంటుంది, అంతే.”

“నీళ్ళ పంపు నాకు తెలీదా? ఇక్కడ ఒక్క పంపూ లేదండీ బాబూ! ఎర్రటి పొట్టి స్తంభాలున్నాయి.”

“అవేనండి. వాళ్ళ ఊళ్ళల్లో మంటలార్పడానికి పెట్టుకున్న పంపులు.”

“ఎవరి ఊళ్ళోనో మంటలారితే గానీ మన చెరువులో ఉప్పెంతో రాయనివ్వరా? ఆయ్, బాగుందండి!” అని ఫోన్ తీసుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ సైట్ తెరవలేదు.

మీకు నిజం చెప్పేస్తాను. ఈ ఇబ్బందులన్నీ నాకు లోపల్లోపల బాగుండేవి. అంతకుముందు సొసైటీ ఆఫీసుకి ఎవరూ వచ్చేవారు కాదు. ఇప్పుడు పొద్దున్నే బెంచీ నిండా జనం. లోపలికి వెళ్ళలేనివాళ్ళంతా నా దగ్గరకే రావాలి. పాస్‌బుక్ జిరాక్స్ తెమ్మనేవాణ్ణి, ఆధార్ తెమ్మనేవాణ్ణి, రేపు రమ్మనేవాణ్ణి. ఆఫీసులో నాతోపాటు ఉండే రెండో మనిషి, లెక్కలు చూసే ఆవిడ, పదిగంటలు కొట్టగానే గడియారం చూసి, “సార్‌కి దర్శనాల వేళైంది” అనేది. నేను నవ్వేవాణ్ణి. ఆవిడ నవ్వేది కాదని చాలా ఆలస్యంగా గమనించాను.

బోదె చిట్టచివర ఒకావిడకి చిన్న చెరువుండేది. భర్త పోయాక తనే చేసుకుంటోంది. పాస్‌బుక్ ఇంకా ఎప్పుడో పోయిన మావగారి పేరు మీదే ఉంది. ఖాతా కోసం మూడుసార్లు వచ్చింది. “మీ మావగారి ఫోన్ నంబరు కావాలమ్మా” అన్నాను, సైట్‌లో ఆ గడి ఖాళీగా వదిలితే ముందుకి పోదు కాబట్టి. ఆవిడ నా మొహం కేసి కాసేపు చూసి, “ఆయన దగ్గరికి మీరు ఎప్పుడెళ్తే అప్పుడు అడిగి రండి సెక్రటరీ గారూ” అని వెళ్ళిపోయింది. లెక్కలావిడ తల పుస్తకంలో దూర్చేసింది. భుజాలు మాత్రం కదులుతున్నాయి.

ఆ రోజుల్లోనే ఎక్కడో ఎవరిదో బ్యాంకు ఖాతా దొంగలు ఊడ్చేశారని విని, నేనొక నోటీసు కొట్టించి ఆఫీసు తలుపుకి అంటించాను. యజమానులందరి ఫోన్లకీ పంపించాను. “సైట్ నుంచి వచ్చే ఓటీపీ ఎవరికీ చెప్పరాదు. అడిగినవాడు దొంగ.” ఆ చివరి ముక్క నాదే. రాసినప్పుడు భలే పదునుగా ఉందనిపించింది.

ఇక ఆ రోజు.

పదకొండు గంటలకి బోదె మధ్యలో చెరువు చేసే కౌలు రైతు ఒకాయన ఆఫీసుకొచ్చాడు. నా ఈడువాడే. మోటారు సైకిలు స్టాండు కూడా సరిగ్గా వేయలేదు, బయట పడిపోయిన చప్పుడైంది. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో నాలుగు రొయ్యలు.

“సెక్రటరీ గారూ, తెల్లమచ్చండి. పొద్దున్న మేత ట్రే ఎత్తి చూశాను. గట్టు వార నాలుగు తేలాయి.”

కవరు బల్ల మీద పెట్టాడు. నేను వంగి చూశాను. చీర మీద మచ్చైతే ఆమడ దూరం నుంచి పట్టేవాణ్ణి. రొయ్య మీద ఏది మచ్చో, ఏది వెలుతురో నాకేం తెలుస్తుంది?

“టెస్టుకిచ్చావా?”

“ఇచ్చానండి. రిపోర్టు రేపంటున్నారు. సంగతి అది కాదండి. మా గట్టుకి పీతలు బొక్క పెట్టాయి. ఎప్పట్నుంచో గానీ, మా చెరువు నీళ్ళు బోదెలోకి కారుతున్నాయండి. ఇప్పుడు పూడ్చాను. కారినవి కారాయి కదండీ. మూడింటికి పోటు. అందరూ ఇంజిన్లేస్తారు. ఈలోపు మా చెరువుకి ఎర్ర చుక్క పెట్టండి. బోదె నీళ్ళు తోడొద్దని రాయండి.”

“నువ్వే పెట్టొచ్చు కదా?”

“వెళ్ళనివ్వట్లేదండి. పాస్‌వర్డ్ మూడుసార్లు కొట్టాను, తలుపేసేసింది. మర్చిపోయానని నొక్కితే ఓటీపీ భూమి ఆసామి గారి ఫోన్‌కి వెళ్తోందండి. ఆయన రాజమండ్రిలో పెళ్ళిలో ఉన్నారు. అడిగితే చెప్పనన్నారండి.”

“ఎందుకు?”

ఆయన తలుపుకేసి చూపించాడు. నా నోటీసు. “అడిగినవాడు దొంగని మీరే రాశారటండి. పదిహేనేళ్ళుగా ఆయన చెరువు చేస్తన్నాను. ‘నీకైనా చెప్పకూడదురా, రూలు’ అన్నారండి.”

నేనే పెళ్ళిలో ఉన్న ఆసామికి ఫోన్ చేశాను. సన్నాయి మోతలో ఆయన అరుస్తున్నాడు. “నా పేరు మీద జబ్బని పెడతాడా? రిపోర్టు వచ్చిందా? రాలేదు కదా? మరెందుకండీ ఆ తొందర? వచ్చే నెల్లో కౌలు మార్చాలనుకుంటున్నాను. చెరువు పేరు పాడైతే ఎవడొస్తాడు? మీరు ముట్టుకోకండి.”

ఫోన్ పెట్టేశాను. ఇక్కడే నా పెనుగొండ బుర్ర పనిచేసింది. జబ్బు తనదేనని, బొక్క తన గట్టుదేనని, తనంతట తనే వచ్చి చెప్పేవాడు ఉంటాడా? చెబితే వీడికేం మిగులుతుంది? తిట్లు. అంతకు మించి ఏమీ లేదు. నష్టం తప్ప ఏమీ కనబడని మాట నా చెవికి కల్తీ సరుకులా తగిలింది. అప్పుడు ఆసామి అన్న కౌలు సంగతి గుర్తొచ్చింది. అదన్నమాట! చెరువు చేజారిపోతోందని తెలిసి, దాని పేరు చెడగొడితే ఇంకెవరూ రారని ఎత్తు వేశాడు. లాభం దొరికింది. నాకు హాయిగా ఊపిరాడింది. సిగ్గుతో చెబుతున్నాను, అంత తెలివిగా పట్టుకున్నందుకు లోపల గర్వం కూడా కలిగింది.

“చూడవయ్యా, చెరువు ఆయన పేరు మీదుంది. ఆయన వద్దంటున్నాడు. ఆయన సంతకంతో కాగితం తీసుకురా, ఈ క్షణమే పెడతాను.”

“రాజమండ్రి వెళ్ళి వచ్చేసరికి పోటు వచ్చి తీసేస్తుందండి.”

“రూలంటే రూలు కదా.”

లెక్కలావిడ లేచి నిలబడింది. “సార్, ఒక్క ముక్క పెట్టేయండి సార్. తప్పైతే రేపు తీసేద్దాం.”

“నీకు తెలీదమ్మా, ఊరుకో” అన్నాను.

ఆయన నన్ను తిట్టలేదు. కవరు తీసుకోవడం కూడా మర్చిపోయాడు. బయట పడిపోయిన బండి ఎత్తుకున్నాడు. ఆ బండి చప్పుడు బోదె గట్టు వైపు వెళ్ళింది.

పన్నెండున్నరకి మొదటి ఫోన్. “సెక్రటరీ గారూ, మధ్య చెరువతను వచ్చి బోదె నీళ్ళు తోడొద్దంటున్నాడు. నిజమేనాండి? సైట్ చూస్తే మొత్తం పచ్చగానే ఉంది.”

“సైట్‌లో అయితే ఏమీ లేదండీ” అన్నాను.

అదీ నా మొదటి నిజం. రెండుంపావులోపు ఇంకో ఐదుగురికి అదే నిజం చెప్పాను. ఒకాయన, “ఆడు బోదె షట్టర్ దగ్గర తువ్వాలు ఊపుకుంటూ నిలబడ్డాడండి, పిచ్చిగాని ఎక్కలేదు కదా?” అని నవ్వాడు. నేనూ నవ్వాను. కౌలు గొడవేదో ఉందని కూడా ఒకరిద్దరికి చెప్పాను. చెప్పమని ఎవరూ అడగలేదు. ఆరు ఫోన్లలోనూ ఒక్కసారైనా, “సైట్‌లో లేదు గానీ ఆ మనిషి నా దగ్గరకి పొద్దున్నే వచ్చాడు, పెట్టనివ్వనిది నేనే” అన్న మాట నోటి చివరిదాకా కూడా రాలేదు. బల్ల మీద ఆ కవరు అలాగే ఉంది. ఫ్యాను గాలికి దాని అంచు టపటపలాడుతుంటే పేపర్‌వెయిట్ పెట్టాను.

మూడింటికి పోటు వచ్చింది. ఇంజిన్ల చప్పుడు ఆఫీసు దాకా వినబడింది.

ఎనిమిదో రోజుకి లెక్క తేలింది. నాకు ఫోన్ చేసిన ఆరుగురిలో ఇద్దరు ఎందుకైనా మంచిదని ఆగారు. నలుగురు తోడారు. ఆ నాలుగు చెరువులూ పోయాయి. నాకు ఫోన్ చేయనివాళ్ళు కౌలు రైతు మాట మీదే ఆగిపోయారు. గట్ల వెంట చచ్చిన రొయ్యలు, వాటి కోసం కాకులు. బోదె చివర చెరువావిడ దగ్గర స్మార్ట్‌ఫోన్ లేదు, ఖాతా లేదు. ఆయన వచ్చి చెప్పగానే ఇంజిన్ బెల్టు ఊడదీసి ఇంట్లో పెట్టేసిందట. ఆవిడ చెరువు బతికింది. సైట్ చూసుకుని, నన్ను అడిగి, జాగ్రత్తగా నడుచుకున్నవాళ్ళే మునిగిపోయారు.

సొసైటీ మీటింగు పెట్టారు. చెరువులు పోయిన నలుగురూ కౌలు రైతు మీద పడ్డారు. గట్టు చూసుకోవాలని తెలీదా అన్నారు. ఆయన తల వంచుకుని, “తప్పు నాదేనండి” అన్నాడు. ఒకాయన లేచి గట్టిగా అడిగాడు. “తువ్వాలు ఊపితే ఎవడు నమ్ముతాడయ్యా? సైట్‌లో ఎందుకు పెట్టలేదు?”

ఆయన ఒక్కసారి నా కేసి చూశాడు. “లోపలికి వెళ్ళలేకపోయానండి” అన్నాడు. అంతే. నా ఆఫీసుకొచ్చినట్టు, బల్ల మీద కవరు పెట్టినట్టు, ఒక్క అక్షరం చెప్పలేదు.

అప్పటికీ నేను లోపల బేరమాడుతూనే ఉన్నాను. ఎంత చెబితే సరిపోతుంది? ‘ఓటీపీ సమస్య వచ్చింది’ అంటే చాలదా? ఆ ఓటీపీని ఎవరైనా తిట్టుకుంటారు, దానికేం నొప్పి? ఇంతలో వెనకనుంచి లెక్కలావిడ గొంతు వినబడింది. “ఆయన ఆ రోజు పదకొండు గంటలకే మా ఆఫీసుకొచ్చారండి.”

ఆ మాట చెప్పాల్సింది నేను. ఆవిడ చెప్పింది. నేను లేచి మిగతాదంతా చెప్పాను. రాజమండ్రిలో కొట్టేయించిన గడుల దగ్గర్నుంచి కౌలు గొడవని నేను అల్లిన కథ దాకా చెప్పాను. ఒకాయన చిన్నగా, “ఫోన్‌లో నాతో నవ్వారు కదండీ” అన్నాడు. ఇన్నేళ్ళయినా నాకు సంజాయిషీ దొరకనిది ఆ ఒక్క మాటకే.

రెండు వారాలాగి ఆయన చెరువు దగ్గరకి వెళ్ళాను. చెరువు ఎండబెట్టి సున్నం చల్లుతున్నాడు. ఆసామి అన్నట్టే కౌలు ఇంకొకరికి ఇచ్చేశాడు. అప్పగించే ముందు శుభ్రం చేస్తున్నాడు. తనది కాకుండా పోతున్న చెరువుకి అంత శ్రద్ధగా సున్నం వేసేవాణ్ణి నేను ఎక్కడా చూడలేదు. క్షమించమని అడగడానికి వెళ్ళినవాణ్ణి, నోరు తెరిస్తే వచ్చింది వేరే.

“ఒక్క మాట అడుగుతాను. ఆ రోజు గట్టు గట్టునా తిరిగి చెప్పారు కదా. దానివల్ల మీకేంటండి లాభం?”

ఆయన సున్నం తట్ట కింద పెట్టాడు. నేను వెక్కిరిస్తున్నానేమోనని ఒకసారి నా మొహం చూశాడు.

“లాభమేంటండీ. రేపు వాళ్ళ చెరువులో వస్తే నాకు చెప్పాలి కదండీ.”

ముప్ఫై ఏళ్ళు బేరాలు చేశాను. ఇంత పెద్ద బేరం నా కళ్ళ ముందు బల్ల మీద పెడితే గుర్తుపట్టలేకపోయాను.

మర్నాడు రాజమండ్రి అమ్మాయికి ఫోన్ చేశాను. అప్పుడు కొట్టేసిన గడులు రెండూ కావాలన్నాను. ఇంకోటి కూడా అడిగాను: సైట్ మొదటి పేజీలో, అన్నిటికన్నా పైన, తాళం లేని ఒక గడి. ఎవరైనా, పేరు చెప్పకుండా, పాస్‌వర్డ్ లేకుండా, పంపుల బొమ్మలు ఎంచకుండా, బోదెలో ప్రమాదముందని రాసేలా ఉండాలి. రాసిన వెంటనే చెరువులన్నిటి పేర్ల పక్కా ఎర్రబడాలి. దాన్ని తీసేయాలంటే మాత్రం తాళం ఉండాలి. ఆ అమ్మాయి రేటు చెప్పింది. సరేనన్నాను.

“సార్, ఒంట్లో బాగానే ఉందాండి?” అంది.

ప్రెసిడెంటు గారు ఒప్పుకోలేదు. “ఎవడు పడితే వాడు కూర్చుని అబద్ధాలు రాస్తే?”

“రాస్తే ఒక పోటు నీళ్ళు పోతాయండి. ఇంకో పన్నెండు గంటల్లో మళ్ళీ పోటు వస్తుంది” అన్నాను. బేరంలో ఆయన్ని గెలిచింది ఆ ఒక్కసారే. నాకోసం కాని బేరం కూడా అదొక్కటే.

‘చెరువు చేసేవారు’ అన్న గడిలో మొదటి పేరు కౌలు రైతుది కాదు. బోదె చివర చెరువావిడది. మావగారి నంబరు అడగకుండా నేనే వాళ్ళింటికి వెళ్ళి ఖాతా తెరిచి ఇచ్చాను. రెండో పేరు ఆయనది, అదే చెరువుకి. ఆవిడ ఆయన్ని భాగానికి చేర్చుకుంది. తలుపు మీది నోటీసు చింపేశాను. జిగురు మరక మాత్రం నేను రిటైరయ్యేదాకా పోలేదు.

తాళం లేని గడి ఏడాదికి పైగా ఖాళీగానే ఉంది. అందరూ దాన్ని సెక్రటరీ గారి పిచ్చి అనుకున్నారు. నా ఉద్యోగం ఇంకో రెండు నెలలుందనగా, ఒక రోజు భోజనం చేసి వచ్చి కూర్చునేసరికి తెర మొత్తం ఎర్రగా ఉంది. పైన ఒకే వాక్యం: “బోదెలో రొయ్యలు చచ్చి తేలుతున్నాయి, తోడొద్దు.” పేరు లేదు. ఏ చెరువో లేదు. ఎవరై ఉంటారు, ఎవరి మీద కోపంతో రాశారు, రాస్తే వాళ్ళకేం మిగులుతుంది అని నా బుర్ర తన పని తను మొదలుపెట్టేసింది. అది నేర్చుకున్నది అంత తొందరగా వదలదు.

ఫోన్ మోగింది. ఆ నలుగురిలో ఒకాయన. నాతో నవ్వారు కదండీ అన్నాయన. వెనక ఇంజిన్ చప్పుడు వినబడుతోంది.

“సెక్రటరీ గారూ, సైట్‌లో ఎర్రగా ఉంది. ఎవరు పెట్టారండి? నిజమేనా?”

“ఎవరో తెలీదండి. నిజమో కాదో కూడా తెలీదు” అన్నాను. “ముందు ఇంజిన్ ఆపండి.”